ఇంటిపేరు, ఊరు, అంతే: పాత బేస్‌బాల్ కార్డు మీది మైనర్ లీగ్ ఆటగాణ్ని పట్టుకోవడం ఎలా

అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగ్గా ఉండే అట్టముక్క. దాని మీద రంగుల్లో ఒక కుర్రాడి బొమ్మ. కింద రెండే మాటలు: స్మిత్, ష్రెవ్‌పోర్ట్. మొదటి పేరు లేదు, పుట్టిన తేదీ లేదు, బంతి విసిరే పిచరో, బ్యాటర్ వెనక ఉండి దాన్ని అందుకునే క్యాచరో కూడా లేదు. వెనక్కి తిప్పితే సిగరెట్ ప్రకటన.

మన చేతిలో ఎవరైనా నూటపదిహేనేళ్ల నాటి కాగితం పెట్టి "రావు, కాకినాడ. ఈయనెవరో కనుక్కో" అంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పైగా ఈ కార్డు వచ్చిన సెట్‌లోనే అట్లాంటా స్మిత్, బఫలో స్మిత్, బ్రూక్లిన్ స్మిత్, చికాగో స్మిత్ కూడా ఉన్నారు. చివరి ఇద్దరూ మేజర్ లీగ్, అంటే అగ్రశ్రేణి వాళ్లు, వాళ్ల లెక్కలన్నీ ఎప్పుడో పుస్తకాలకెక్కాయి. చిక్కంతా మైనర్ లీగ్ వాళ్లతోనే. లిటిల్ రాక్ హార్ట్, మాంట్‌గొమరీ హార్ట్ అని ఇంకో జంట ఉంది. ఇద్దరూ ఒకే లీగ్‌లో ఆడారు. ఒకరు బిల్, ఇంకొకరు జేమ్స్. కార్డు మాత్రం ఆ సంగతి చెప్పదు.

క్రికెట్ తెలిసినవాళ్లకు మైనర్ లీగ్ అంటే సుమారుగా రంజీ, దాని కింద జిల్లా లీగులు అనుకోవచ్చు. అయితే 1910 నాటి అమెరికాలో వీటి తీరు వేరు. మేజర్ లీగుల్లో ఉన్నవి 16 జట్లు, అవి కూడా పది నగరాల్లోనే. బోస్టన్ నుంచి సెయింట్ లూయిస్ దాకా ఉన్న ఆ చట్రానికి బయట, అంటే మొత్తం దక్షిణాదిలో, టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో, జనం టికెట్ కొని చూసిన ప్రొఫెషనల్ ఆట మైనర్ లీగే. ఎ నుంచి డి దాకా తరగతులుగా విడదీసిన లీగులు పదుల కొద్దీ నడిచేవి. కొన్ని సీజన్ మధ్యలోనే డబ్బుల్లేక మూతపడేవి.

సిగరెట్ కంపెనీలకు ఈ లెక్క బాగా తెలుసు. రిచ్‌మండ్‌లో సిగరెట్లు అమ్మాలంటే పిట్స్‌బర్గ్ హీరో బొమ్మ కన్నా రిచ్‌మండ్ కుర్రాడి బొమ్మే ఎక్కువ పనికొస్తుంది. అమెరికన్ టొబాకో కంపెనీ 1909 నుంచి 1911 వరకు తన రకరకాల బ్రాండ్ల పెట్టెల్లో పెట్టిన సెట్‌ను ఇవాళ టి206 అంటున్నాం. అందులోని సుమారు 520 కార్డుల్లో 134 మైనర్ లీగ్ వాళ్లవి, వాళ్లలో 48 మంది దక్షిణాది లీగుల వాళ్లు. లక్షల డాలర్లు పలికే హోనస్ వాగ్నర్ కార్డు ఈ సెట్‌లోదే. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను.

మైనర్ లీగుల కోసమే వేసిన సెట్లూ ఉన్నాయి. 1910లో ఓల్డ్ మిల్ సిగరెట్లతో వచ్చిన ఎర్ర అంచు కార్డులు 640. ఎనిమిది సిరీస్‌లు, సిరీస్‌కొక లీగ్. దీన్ని టి210 అంటారు. ఉత్తర కరోలినా, వర్జీనియా ప్రాంతపు లీగులకు కంటెంట్‌నీ కార్డులు, సదరన్ అసోసియేషన్ అనే లీగ్‌కు రెడ్ సన్ కార్డులు, పడమటి తీరానికి ఓబాక్ సిగరెట్ల కార్డులు ఉండేవి. శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిన్స్-మెకార్తీ అనే మిఠాయి కంపెనీ 1911 నుంచి 1938 దాకా జీ-నట్ అనే మిఠాయితో పసిఫిక్ కోస్ట్ లీగ్ ఆటగాళ్ల కార్డులిచ్చింది. చిన్నప్పుడు బబుల్‌గమ్ కొని లోపలున్న క్రికెటర్ బొమ్మ తీసుకుని గమ్ పక్కవాడికిచ్చినవాళ్లకు ఈ వ్యాపారం కొత్తగా ఏమీ అనిపించదు.

టి206, టి210 అనే పేర్లు కంపెనీలు పెట్టినవి కావు. న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌లో ఉన్న జెఫర్సన్ బర్డిక్ అనే సేకరణకర్త అన్ని రకాల అచ్చు కార్డులనూ వర్గీకరించి ఒక క్యాటలాగ్ తయారుచేశాడు. 20వ శతాబ్దపు పొగాకు కార్డులకు టి, 19వ శతాబ్దపు వాటికి ఎన్, తొలినాటి మిఠాయి కార్డులకు ఇ అన్నాడు. కీళ్ల జబ్బుతో వేళ్లు వంకర్లు పోయినా తన మూడు లక్షలకు పైగా ముక్కల సేకరణను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకు ఇచ్చి, ఆల్బమ్‌లలో అంటించే పని పూర్తిచేసి 1963లో చనిపోయాడు. కార్డుల సంఖ్యలు చెప్పుకునే ప్రతివాడూ ఇప్పటికీ ఆయన భాషే మాట్లాడుతున్నాడు.

ముందు పేరు కాదు, సంవత్సరం

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు పేరుతో మొదలుపెట్టడం. డేటాబేస్‌లో స్మిత్ అని కొట్టి, వచ్చిన వందల మందిలో నచ్చినవాణ్ని ఎంచుకుంటారు. నా లెక్కలో పని తలకిందులుగా చెయ్యాలి. ఆ ఊరి జట్టు ఏ సంవత్సరంలో ఏ లీగ్‌లో ఉందో ముందు బిగించాలి. ఆ సంవత్సరం ఆ జట్టుకు ఆడినవాళ్ల జాబితా దొరికితే, అందులో స్మిత్‌లు ఒకరో ఇద్దరో ఉంటారు. అప్పుడు వెతకాల్సింది వందల మందిలో కాదు, ఇద్దరిలో.

సంవత్సరం బిగించడానికి కార్డు వెనక వైపు పనికొస్తుంది. పొగాకు మీద పన్ను ఉండేది కాబట్టి ఫ్యాక్టరీ నంబరు, పన్ను జిల్లా అచ్చువేసేవారు. "ఫ్యాక్టరీ నం. 25, 2వ జిల్లా, వర్జీనియా" అని ఉంటే అది దక్షిణాదిలో తయారైన పెట్టెలోది. టి206లో దక్షిణాది ఆటగాళ్లు కొన్ని బ్రాండ్ల వెనకభాగాలతో మాత్రమే దొరుకుతారు. వెనక "150 బొమ్మలు" అని ఉందా "350 బొమ్మలు" అని ఉందా అన్నదాన్ని బట్టి అచ్చయిన దశ తెలుస్తుంది. 1911 ఓబాక్ కార్డుల వెనక ఆటగాడి గురించి నాలుగు ముక్కలు కూడా రాశారు. అలాంటిది దొరికితే పండగే.

ఒక జాగ్రత్త. కార్డు అచ్చైన సంవత్సరం, ఆటగాడు ఆ జట్టులో ఉన్న సంవత్సరం ఒకటే కానక్కర్లేదు. ఫోటో ఒక ఏడు తీస్తారు, అచ్చు మరుసటి ఏడు వేస్తారు, ఈలోగా ఆటగాడు ఇంకో ఊరికి అమ్ముడైపోతాడు. అందుకని ఒక ఏడాది ముందూ ఒక ఏడాది వెనకా చూడందే ముగించకూడదు.

జాబితాల కోసం స్పాల్డింగ్, రీచ్ కంపెనీలు ఏటా వేసిన గైడ్లు ఉన్నాయి. వాటిలో గత సీజన్ మైనర్ లీగ్ సగటులు ఉంటాయి. స్పాల్డింగ్ గైడ్లు చాలావరకు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉచితం. వీటిలోనూ ఇంటిపేర్లే. కొద్ది ఆటలే ఆడినవాళ్లను చాలాసార్లు వదిలేసేవారు కాబట్టి, గైడ్‌లో లేడంటే ఆడలేదని కాదు. ఫిలడెల్ఫియా నుంచి 1883 మొదలు 1917 దాకా వచ్చిన స్పోర్టింగ్ లైఫ్ వారపత్రిక ఇంకా మంచి గని. ఎవరిని ఎవరికి అమ్మారు, ఎవరిని తీసేశారు, సీజన్ చివర ఏ జట్టు ఎవరిని తన దగ్గరే ఉంచుకుంటానంది, అన్నీ అందులో దొరుకుతాయి. లాస్ ఏంజిలిస్‌లోని ఎల్ఏ84 ఫౌండేషన్ దాన్ని స్కాన్ చేసి పెట్టింది. స్పోర్టింగ్ న్యూస్ పత్రిక ఆఫీసులో ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు చొప్పున రాసుకున్న కాంట్రాక్టు వివరాలు కూడా అదే చోట చూడొచ్చు. అచ్చులో దొరకని మొదటి పేర్లు ఆ చేతిరాతలో కొన్నిసార్లు బయటపడతాయి.

అసలు పని జరిగేది మాత్రం ఊరి పేపర్లో. బాక్స్ స్కోర్‌లో, అంటే ఒక్కో ఆటకు పేపర్ వేసే లెక్కల పట్టికలో, ఇంటిపేరు, పక్కన ఆడిన స్థానం ఉంటాయి. "స్మిత్, సి" అంటే క్యాచర్, "పి" అంటే పిచర్. ఒకే లీగ్‌లోని ఇద్దరు హార్ట్‌లను విడదీయడానికి ఒక్కోసారి ఈ ఒక్క అక్షరమే ఆధారం. సీజన్ మొదట్లో, ఏప్రిల్ నెల పేపర్లో, మేనేజర్ కొత్త కుర్రాళ్లను పరిచయం చేసే ఐటమ్ ఒకటి ఉంటుంది. "ఫలానా ఊరి నుంచి వచ్చాడు, గత ఏడాది ఫలానా జట్టుకు ఆడాడు" అనే ఆ రెండు వాక్యాలకు వంద బాక్స్ స్కోర్ల విలువ ఉంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల క్రానిక్లింగ్ అమెరికా, ఉత్తర కరోలినాకు డిజిటల్ఎన్‌సీ, టెక్సస్‌కు పోర్టల్ టు టెక్సస్ హిస్టరీ, కాలిఫోర్నియా పేపర్లకు ఆ రాష్ట్రపు డిజిటల్ సంగ్రహం, ఇవన్నీ ఉచితంగానే చూడొచ్చు. డల్లాస్, అట్లాంటా, షార్లట్, రాలీల్లో ఉంటున్న మనవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. ఈ ఊళ్లన్నిటికీ 1910లో మైనర్ లీగ్ జట్లు ఉండేవి. ఆన్‌లైన్లోకి ఎక్కని ఊరి పేపర్లు అక్కడి పబ్లిక్ లైబ్రరీలో మైక్రోఫిల్మ్ మీద ఉండొచ్చు.

పాత పేపర్లో కంప్యూటర్‌తో వెతకడం కూడా ఒక విద్యే. అరిగిన అచ్చును యంత్రం తప్పుగా చదువుతుంది. బాక్స్ స్కోర్‌లోని సన్నక్షరాలనైతే ఇంకా ఘోరంగా. క్లీవ్‌లాండ్ ఆటగాడొకడి ఇంటిపేరే బాల్. నీల్ బాల్ అని, టి206లో ఉన్నాడు. బేస్‌బాల్ పేజీలో "బాల్" అని వెతికి చూడండి, మన తెలుగు పేపర్లో "గారు" అని వెతికినట్టే. ఇలాంటప్పుడు ఆటగాడి పేరు పక్కన పెట్టి, జట్టు మారుపేరుతోనో మేనేజర్ పేరుతోనో వెతికి, ఆ పేజీ మొత్తం కళ్లతో చదవడమే దారి.

కార్డే తప్పు చెబితే

కార్డు మీద అచ్చైంది నిజమే అయ్యుండాలని లేదు. టి206లోనే మేజర్ లీగ్ స్టార్ షెర్రీ మగీ పేరులో అక్షరం తప్పు వేసి, తర్వాత దిద్దారు. జో డాయల్ అనే పిచర్‌ను ఇంకో జట్టులో ఉన్న లారీ డాయల్ అనుకుని వేరే లీగ్ పేరు వేశారు. మేజర్ లీగ్ జట్ల వాళ్లకే ఇలా జరిగితే డి తరగతి లీగ్‌లో ఆడే కుర్రాడి పేరు ఎంత జాగ్రత్తగా వేసుంటారో ఊహించుకోండి. 1933 జీ-నట్ కార్డు మీద జో డిమాజియో పేరు "డి"కి బదులు "డె"తో ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో సీల్స్ తరఫున ఆ ఏడాదే అతను వరసగా 61 ఆటల్లో హిట్ కొట్టాడు. అయినా స్పెల్లింగ్ సరిచూసిన పాపాన ఎవరూ పోలేదు. అతని అన్న విన్స్ కూడా అదే లీగ్‌లో ఆడేవాడు. ఇద్దరూ తర్వాత పెద్ద పేరు తెచ్చుకోకపోయి ఉంటే, ఇవాళ ఆ లెక్కలను విడదీయడానికి ఎవరో ఒకరు కుస్తీ పడుతూ ఉండేవారు.

ఇంతకన్నా చిక్కు, ఆటగాడే పేరు మార్చుకోవడం. డబ్బు తీసుకుని ఆడితే కాలేజీ జట్టులో చోటు పోతుంది. అందుకని వేసవిలో మారుపేరుతో ఆడి, సెప్టెంబర్‌కల్లా బుద్ధిగా క్లాసులకెళ్లిన కుర్రాళ్లు ఎందరో. తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కిన ఎడ్డీ కాలిన్స్ కొలంబియా యూనివర్సిటీలో చదువుతూ 1906లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌కు సల్లివన్ అనే పేరుతో ఆడాడు. జిమ్ థోర్ప్ 1909, 1910ల్లో ఉత్తర కరోలినాలోని రాకీ మౌంట్ జట్టుకు సొంత పేరుతోనే ఆడాడు. ఆ నిజాయితీకి తగిన శాస్తే జరిగింది. డబ్బుకు ఆడాడని 1912 ఒలింపిక్స్‌లో గెలిచిన రెండు బంగారు పతకాలనూ మరుసటి ఏడు లాగేసుకున్నారు. మారుపేరుతో ఆడినవాళ్లు మాత్రం హాయిగా తప్పించుకున్నారు. పాత కార్డు మీద ఒకటి రెండు నెలలు మాత్రమే కనిపించి, ఆగస్టు చివర మాయమై, ఏ రికార్డులోనూ మళ్లీ తేలని పేరు ఎదురైతే, మొదట కాలేజీ జట్ల జాబితా చూడాలి.

వయసు సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. సర్టిఫికెట్ పుట్టినరోజు ఒకటి, అమ్మ చెప్పే పుట్టినరోజు ఇంకొకటి అయిన ఇళ్లు తెలుగునాట ఎన్ని లేవు! వాళ్లకూ "బేస్‌బాల్ వయసు" అని ఒకటుండేది. ఇరవై ఆరేళ్లవాణ్ని కొనేవాడు ఉండడు, ఇరవై మూడు అంటే కొంటాడు. అందుకని పేపర్లో చెప్పిన వయసును ఆధారంగా తీసుకుంటే తప్పుడు మనిషి ఇంటికి చేరతాం.

దానికి విరుగుడు ప్రభుత్వ కాగితాలు. 1910 జనాభా లెక్కలకు ప్రాతిపదిక ఏప్రిల్ 15, సరిగ్గా సీజన్ మొదలయ్యే వేళ. కాబట్టి ఒక ఆటగాడు సొంతూళ్లో అమ్మానాన్నల దగ్గర నమోదై ఉండొచ్చు, లేదా జట్టు ఊళ్లో ఏదో బోర్డింగ్ హౌస్‌లో మరో నలుగురు ఆటగాళ్లతో కలిసి, వృత్తి దగ్గర "బాల్ ప్లేయర్" అని రాయించుకుని ఉండొచ్చు. రెండో రకం ఎంట్రీ దొరికితే ఇంక ఆ రోజుకు పని చాలు. మొదటి ప్రపంచ యుద్ధపు సైనిక నమోదు ఇంకా మంచిది. 1917 జూన్ 5న 21 నుంచి 30 ఏళ్ల మగవాళ్లంతా వెళ్లి పేరు, పుట్టిన తేదీ, పని, ఎవరి దగ్గర పని అన్నీ రాయించి సంతకం పెట్టారు. 1918 సెప్టెంబర్‌లో దాన్ని 18 నుంచి 45 ఏళ్ల వాళ్ల దాకా పెంచారు. 1910లో కార్డుకెక్కిన కుర్రాళ్లలో ఎక్కువమంది ఈ రెంటిలో ఏదో ఒకదానిలో పడాలి. పాత తరం వాళ్లకు మాత్రం చిక్కే. 1880ల చివర ఓల్డ్ జడ్జ్ సిగరెట్ కార్డుల మీద, స్టూడియోలో దారానికి వేలాడదీసిన బంతిని పట్టుకుంటున్నట్టు పోజిచ్చినవాళ్లకు సరిగ్గా కావలసినవి 1890 జనాభా లెక్కలు. అవి 1921 నాటి అగ్నిప్రమాదంలో దాదాపుగా నాశనమయ్యాయి.

పేరు, ఊరు కలిశాయని సంబరపడటం రెండో పెద్ద తప్పు. 1917లో ష్రెవ్‌పోర్ట్‌లో ఒక స్మిత్ ఉన్నాడంటే అతనే మన స్మిత్ అని కాదు. బేస్‌బాల్‌తో అతన్ని ముడిపెట్టే కాగితం ఒక్కటైనా కావాలి. "మాజీ క్యాచర్" అనే మరణవార్త కావచ్చు, "పని: బేస్‌బాల్" అనే నమోదు పత్రం కావచ్చు, ఊరి పేపర్లో "మనూరి కుర్రాడు" అనే ఐటమ్ కావచ్చు. ఈ ముడి లేకుండా ఊహతో అతికించిన పేజీలు ఆన్‌లైన్ డేటాబేస్‌లలో కొల్లలుగా ఉన్నాయి. ఇద్దరు మనుషులు ఒకే పేజీలో, ఒకే మనిషి రెండు పేజీల్లో. 1971లో కూపర్స్‌టౌన్‌లో పదహారు మందితో మొదలైన సాబర్ అనే పరిశోధకుల సంఘం దశాబ్దాలుగా వీటిని విడదీస్తోంది. అయినా మొదటి పేరు దగ్గర ఖాళీ ఉన్న పేజీలు ఇప్పటికీ చాలానే. ఆ ఖాళీని గౌరవించినవాళ్లంటేనే నాకు నమ్మకం. ఫోటోలతో పోల్చేటప్పుడు కూడా అంతే. ముక్కు, జుట్టు, గడ్డం మోసం చేస్తాయి. రెండు ఫోటోల్లోని చెవులు సరిపోలకపోతే అక్కడితో ఆగిపోవాలి.

ఈ శ్రమంతా దేనికి అంటే, డబ్బు కోసమైతే కాదనే చెప్పాలి. మైనర్ లీగ్ కార్డుల్లో డబ్బు పలికేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. టి210లో న్యూ ఓర్లియన్స్ ఆటగాడిగా ఉన్న జో జాక్సన్, మేస్‌విల్ కుర్రాడిగా ఉన్న కేసీ స్టెంగెల్ అలాంటివాళ్లు. 1914లో బాల్టిమోర్ మైనర్ లీగ్ జట్టులో ఉన్న బేబ్ రూత్ కార్డు 2023లో 72 లక్షల డాలర్లకు అమ్ముడైంది. వాళ్ల గురించి కొత్తగా కనుక్కోవలసింది ఏమీ లేదు. కనుక్కోవలసింది మిగతా వందల మంది గురించి, సేకరణకర్తలు "కామన్" అని పక్కన పడేసే కార్డుల గురించి.

క్లాక్స్‌టన్, ఓక్లండ్

1916 జీ-నట్ సెట్‌లో అలాంటి ఒక కామన్ కార్డు మీద "క్లాక్స్‌టన్" అని ఉంటుంది. గైడ్ సగటులతో పోలిస్తే లెక్కలోకి రాని ఆటగాడు. ఓక్లండ్ తరఫున లాస్ ఏంజిలిస్ మీద మే 28న ఒకేరోజు జరిగిన రెండు ఆటల్లోనూ పిచింగ్ చేశాడు. రెండూ కలిపి రెండు ఇన్నింగ్స్, ఇంకో మూడో వంతు. వారం తిరక్కుండానే జట్టు తీసేసింది. పేరుతో మొదలుపెట్టిన పరిశోధకుడైతే ఇక్కడ "విఫలమైన పిచర్" అని రాసి పేజీ తిప్పేస్తాడు.

ఊరు, తేదీ బిగించుకుని ముందుకెళ్లినవాళ్లకు వేరే కథ దొరికింది. జిమ్మీ క్లాక్స్‌టన్ 1892లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పుట్టి, వాషింగ్టన్ రాష్ట్రం టకోమా ప్రాంతంలో పెరిగాడు. తన వంశంలో నల్లజాతి, నేటివ్ అమెరికన్, యూరోపియన్ రక్తాలు మూడూ ఉన్నాయని అతనే చెప్పుకున్నాడు. ప్రొఫెషనల్ లీగుల్లో అప్పటికి నల్లజాతి వాళ్లకు ప్రవేశం లేదు. చట్టం ఏదీ రాసిపెట్టి లేదు, యజమానుల మధ్య మాట అంతే. నేటివ్ అమెరికన్లను మాత్రం ఆడనిచ్చేవారు. క్లాక్స్‌టన్‌ను ఓక్లండ్ వాళ్లకు పరిచయం చేసింది ఆ రెండో గుర్తింపుతోనే. ఎవరో మొదటి గుర్తింపును జట్టు చెవిన వేశారని అతను తర్వాత చెప్పాడు.

జట్టులో ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే మిఠాయి కంపెనీ ఫోటోగ్రాఫర్ ఓక్లండ్ ఆటగాళ్ల ఫోటోలు తీశాడు. ఒక వారం ముందో వెనకో వచ్చి ఉంటే ఈ కార్డే ఉండేది కాదు. 20వ శతాబ్దంలో అమెరికన్ బేస్‌బాల్ కార్డు మీద కనిపించిన తొలి నల్లజాతి ఆటగాడిగా ఇవాళ క్లాక్స్‌టన్‌నే చెప్పుకుంటున్నారు. ఆ నిషేధాన్ని చివరికి బద్దలుకొట్టిన జాకీ రాబిన్సన్ మాంట్రియల్ మైనర్ లీగ్ జట్టుకు ఆడటానికి సరిగ్గా ముప్పై ఏళ్ల ముందు. కార్డును ఎటు తిప్పి చూసినా ఇవేవీ కనిపించవు. ఒక పేరు, ఒక జట్టు, చేత్తో బంతి వెయ్యబోతున్న ఒక సన్నటి మనిషి.